లైటు కొనేముందు గోడ చూడొద్దు

బండికి అదనపు లైట్లు పెట్టించాలని హైదరాబాద్ పుత్లీబౌలికి వెళ్లినా, విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లినా ముందు చెవిన పడేది వాట్ల సంగతే. "ఇరవై ఎందుకు సార్, నలభైవి వేయించుకోండి, పగల్లా ఉంటుంది" అంటారు. అక్కడే బ్యాటరీకి తగిలించి వెలిగిస్తారు. ఎదురుగోడ తెల్లగా మెరిసిపోతుంది. ఆ గోడను చూసి లైటు కొనడమంత దండగ ఇంకోటి లేదు. ఆరడుగుల దూరంలో ఏ లైటైనా సూర్యుడే.

రాత్రిపూట మన రోడ్ల మీద దేన్ని చూడాలన్నది అసలు ప్రశ్న. రిఫ్లెక్టర్ స్టిక్కర్లున్న లారీ ఎలాగూ కనిపిస్తుంది. కనిపించనివి వేరే ఉన్నాయి. వెనక లైటు లేని చెరకు ట్రాలీ, దారికి అడ్డంగా పడుకున్న బర్రె, కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి మీద కప్పిన నల్ల టార్పాలిన్, ఎగిరిపోకుండా చుట్టూ పేర్చిన రాళ్లు. వీటిలో ఏదీ మనవైపు వెలుగును సరిగ్గా తిరిగి పంపదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కంటపడింది ఏమిటో పోల్చుకుని బ్రేకు పట్టేసరికి సెకనున్నర, అంటే 25 మీటర్లు గడిచిపోతాయి. పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో పాతిక. ఆ వడ్ల కుప్ప 50 మీటర్ల ముందే కనిపించకపోతే లెక్క తప్పినట్టే. చిన్న బండ్లలో ఉండే 35 వాట్ల హాలోజెన్ బల్బు డిప్‌లో ఆ దూరానికి అంతంతమాత్రం. కాబట్టి అదనపు లైట్లను సోకు అనలేం.

అయితే దూరం ఊరికే రాదు. రెట్టింపు దూరాన అంతే వెలుగు పడాలంటే నాలుగింతల తీవ్రత కావాలి. డబ్బా మీద రాసే ల్యూమెన్లు లైటు వెదజల్లే మొత్తం వెలుగుకు లెక్క. అందులో రోడ్డుకెంత, చెట్టుకొమ్మలకెంత, ఎదుటివాడి కళ్లకెంత అన్నది తేల్చేది లెన్సూ, రిఫ్లెక్టరూ. ఇంకో చిక్కు ఉంది. ముందు చక్రం దగ్గర వెలుగు మరీ ఎక్కువైతే కంటిపాప కుంచించుకుపోయి, దూరం మరింత చీకటవుతుంది. అంతా బాగా కనిపిస్తోందన్న ధీమాతో వేగం పెంచేది సరిగ్గా అప్పుడే.

స్పాట్ లైటు సన్నగా, దూరంగా పోతుంది. తిన్నటి హైవేకి బాగుంటుంది. మారేడుమిల్లి ఘాట్‌లో మలుపు దగ్గర మాత్రం అది లోయలోకి చూస్తూ కూర్చుంటుంది. నేనెప్పుడూ ఓటు వేసేది వెడల్పుగా పరుచుకుని, పైన గీత గీసినట్టు ఆగిపోయే ఫాగ్ లైటుకే. మలుపు లోపలి అంచునూ, మట్టి రోడ్డు గుంటనూ అది పట్టిస్తుంది.

పసుపు వెలుగు పొగమంచును చీల్చుకుపోతుందంటారు. అది సగం నిజం కూడా కాదు. మంచు బిందువులు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి. ఏ రంగునైనా ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. నీలం ఛాయ తగ్గడం వల్ల కంటికి కాస్త హాయి, అంతే. ఫ్రాన్స్‌లో దశాబ్దాల పాటు కార్ల హెడ్‌లైట్లు పసుపుగానే ఉండాలన్నారు. 1993లో ఆ నియమం పోయింది. లంబసింగి పొగమంచులో రంగు కంటే ఎత్తుదే ఎక్కువ పని. లైటు కంటికి ఎంత దిగువనుంటే తిరిగొచ్చి కొట్టే తెలుపు అంత తక్కువ. నేను లెగ్ గార్డ్ కింది భాగంలో బిగించమనేది అందుకే.

ఇక కరెంటు. నలభై వాట్లవి రెండు పెడితే 12 వోల్టుల మీద దాదాపు 7 ఆంపియర్లు లాగుతాయి. హ్యాండిల్ మీది చిన్న స్విచ్చు ఆ బరువు మోయలేదు. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో వేరే తీగ, మధ్యలో రిలే ఉండాల్సిందే. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు ఇంజన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైట్ వెలగడం తప్పనిసరైంది గనుక, చార్జింగ్‌లో కొంత వాటా ముందే పోతోంది. చిన్న బండికి పెద్ద లైట్లు వేస్తే పొద్దున సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ సంగతి తెలుస్తుంది. దూరం లైట్లయితే రిలే సిగ్నల్‌ను హైబీమ్ తీగ నుంచి తీసుకోమని మెకానిక్‌కి గట్టిగా చెప్పండి. డిప్ కొట్టగానే అవీ ఆరిపోతాయి.

కళ్లు చెదరగొట్టే లైట్లకు పోలీసులు చలానా రాస్తారు. ఆ భయం మంచిదే. అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. మన లైటు దెబ్బకు కొన్ని క్షణాలు ఏమీ కనపడనివాడు వచ్చేది మనవైపే.

అందుకే బిగించాక ఒక పని చేయండి. చీకటి పడ్డాక ఖాళీ రోడ్డు మీద స్నేహితుణ్ణి బండి మీద కూర్చోబెట్టి లైట్లు వెలిగించమనండి. మీరు పాతిక మీటర్లు ముందుకు నడిచి, కారు డ్రైవర్ కళ్ల ఎత్తుకు వంగి చూడండి. కళ్లు మూసుకోవాల్సి వస్తే లైట్లు కిందికి దించండి. తర్వాత వెనక సీటు మీద ఇంకొకరిని ఎక్కించి మళ్లీ చూడండి. బండి వెనక్కి కుంగి వెలుగు పైకి లేస్తుంది, ఇంకాస్త దించాల్సి వస్తుంది. ఇంకో పది వాట్లు కావాలా అన్న ప్రశ్న ఆ తర్వాత వేసుకోవచ్చు.