కుట్టు విప్పిన పుస్తకం

ఏప్రిల్ చివర్లో బడులకు సెలవులిస్తే జూన్ 12న మళ్లీ తెరిచేదాకా ఏడు వారాలు. ఐదు పాసై హైస్కూల్లో చేరబోయే పిల్లలకు ఇవి అన్ని వేసవుల్లాంటివి కావు. చిన్న బడి అయిపోయింది, పెద్ద బడి ఇంకా మొదలవలేదు. ఇది నా తరగతి పుస్తకం అని చెప్పుకోడానికి చేతిలో ఏమీ ఉండదు. పిల్లల చేతికి కథల పుస్తకం అందాల్సింది సరిగ్గా అప్పుడే అని నా నమ్మకం. అందుకే ఆ వారాల్లో బందరు చిలకలపూడిలో మా ఇంటి వసారాలో పొద్దున ఎనిమిది నుంచి పదిన్నర దాకా చాపలు పరుస్తాను. పదిన్నర దాటితే ఎండకు పిల్లలు నిలవలేరు.

ఇక్కడ పని రెండే మాటలు. ఒక పుస్తకం చదవాలి, ఒక పుస్తకం చెయ్యాలి. సారాంశం మాత్రం రాయక్కర్లేదు. చాలా ఏళ్ల కిందట ఒక బడిలో సెలవులకు పది కథల సారాంశాలు రాసుకు రమ్మన్నారు. ఒక కుర్రాడు తెచ్చిన నోటుపుస్తకం తిరగేశాను. పది కథల కిందా ఒకే వాక్యం: మంచి చేస్తే మంచి జరుగుతుంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కథ ఒక్కటీ లేదు. ఆ పిల్లాడికి చదువు మీద ఇష్టం లేక కాదు, మనం అడిగింది అదే. ఆ రోజు పడ్డ బాధ ఇంకా తగ్గలేదు.

పుస్తకం చెయ్యడానికి ఖర్చు లేదు. పాత నోటుపుస్తకాల్లో మిగిలిపోయిన తెల్లకాగితాలు, దబ్బనం, గట్టి దారం, మైదా ఉడికించిన జిగురు. అట్టకు అంటించడానికి పెడన కలంకారీ గుడ్డపేలికలు దొరికితే పండగే. నాలుగు కాగితాలు ఒకదానిలో ఒకటి పెట్టి మడిస్తే పదహారు పేజీలు. మడత మీద మూడు రంధ్రాలు. లోపల్నుంచి నడిమి రంధ్రంలో సూది బయటికి, పై రంధ్రంలో లోపలికి, కింది రంధ్రంలో బయటికి, తిరిగి నడిమి రంధ్రంలోంచి లోపలికి. అక్కడ ముడి.

చిక్కంతా పేజీల దగ్గరుంది. పై కాగితాన్ని విప్పి చూస్తే దాని మీద ఒకటి, రెండు, పదిహేను, పదహారు పేజీలుంటాయి. కథ మొదలూ చివరా ఒకే కాగితం మీద. నడిమి కాగితం మీద ఏడు నుంచి పది దాకా. ఇది అర్థమైన పిల్లలు ఆ తర్వాత ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు వీపు వైపు తిప్పి కుట్టు ఎక్కడుందో చూస్తారు. కథలో కూడా మొదలుకూ చివరకూ లంకె ఎక్కడా అని వెతుకుతారు. సారాంశం అడిగిన ఏ ఏడూ నేను ఈ చూపు చూడలేదు.

ఈ ఊళ్లో రాతా బొమ్మా వేర్వేరు ఇళ్లలో పెరగలేదు. అడివి బాపిరాజు ప్రమోదకుమార చటర్జీ దగ్గర చిత్రకళ నేర్చుకున్నది బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలోనే. నవలలు రాసిన చెయ్యే కుంచె కూడా పట్టింది. కృష్ణకు అవతలి ఒడ్డున పెదపాలెంలో 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెక్కించి కాలువ వెంట ఊళ్లకు పంపారు. పాఠకుడి దగ్గరికి పుస్తకమే పోవాలన్నది ఆయన పట్టుదల. మా వసారా ఆ కాలువకు చిన్న పిల్లకాలువ అయితే చాలు.

కిందటి వేసవిలో ఒకమ్మాయి 'రైలుబడి' చదివింది. జపాన్‌లో రైలుపెట్టెల్లో నడిచిన బడి గురించి తెత్సుకో కురొయనగి రాసుకున్న జ్ఞాపకాలు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, "మాస్టారూ, ఆవిడ వాళ్ల బడి గురించి రాసింది కదా, నేను మా ఇంట్లో పని గురించి రాయొచ్చా?" అంది. వాళ్లమ్మ రోల్డ్‌గోల్డ్ గొలుసుల పని చేస్తుంది. రాయమన్నాను.

తీగ సాగదీయడం, రింగులు చుట్టి కొయ్యడం, గొలుసు అల్లడం, అతుకు పెట్టడం, మెరుగు, చివరికి బంగారు పూత. పేజీకో బొమ్మ. కుట్టి, అట్టవేసి, ఇంటికి తీసుకెళ్లి అమ్మకు చదివి వినిపించింది. మర్నాడు ముఖం వేలాడేసుకుని వచ్చింది. "కడగడం ఏదే? జిడ్డు పోకుండా పూత నిలుస్తుందా?" అందట అమ్మ.

పదకొండో పేజీలో ఉన్న పూతకు ముందు ఒక పేజీ కావాలి. కుట్టు విప్పాం. ఇంకో కాగితం దూర్చాం. కానీ మడిచిన కాగితానికి రెండు ఆకులు. ఒకటి కడగడానికి సరిపోయింది. రెండోది ఆరో పేజీ తర్వాత, గొలుసు అల్లే చోట, తెల్లగా తేలింది. చింపేస్తే జత ఆకు ఊడిపోతుంది.

"ఇక్కడేం రాయను మాస్టారూ?"

"అమ్మనే అడగమ్మా."

రెండు రోజుల తర్వాత పుస్తకం నా చేతికొచ్చింది. ఆరో పేజీ తిప్పాను. చెయ్యి మారింది. పెద్ద పెద్ద అక్షరాలు, కొన్ని ఒత్తులు పక్కకి జరిగి ఉన్నాయి. ఆరో తరగతిలో బడి మానేసిన ఏడాది, గొలుసులో తన చేత్తో మొదటి రింగు ఎక్కించిన రోజు గురించి వాళ్లమ్మ ఆకుకు రెండు వైపులా రాసింది. చివర చోటు చాలక, ఆఖరి మాట అంచు వెంబడి నిలువుగా పైకి ఎక్కింది.