బలరాం గోలు, మామగారి సాక్ష్యము

గతవారము రాజపాళయములో ఒక పెండ్లి పంక్తిలో, ఆకులో పాయసము పడుచుండగా, మా మామగారు "తులసీదాస్ బలరాం ఒలింపిక్సు ఫుట్‌బాలులో హంగేరీ మీద గోలు కొట్టినాడు, కంచు పతకము తెచ్చినాడు" అని సెలవిచ్చిరి. ప్రక్కనున్న కుర్రవాడు ఎడమచేత ఫోను తీసి, "1956 మెల్‌బోర్న్‌కు హంగేరీ రానేలేదు తాతా, ఆడని ఆటలో గోలెక్కడిది?" అని నవ్వెను. ప్రమాణము లేని పొగడ్త నాకు గిట్టదని ఈ శీర్షిక చదువువారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు గనుక, నా మనస్సు కుర్రవానివైపే మొగ్గినది.

1956 సంగతి వాడన్నట్లే తేలినది. హంగేరీ రాకపోవుటచే ముందుకు సాగిన మన జట్టు, నెవిల్ డిసౌజా మూడు గోళ్లతో ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి, యుగోస్లావియా చేతిలో ఓడి, పిదప బల్గేరియాకు కంచును విడిచి, నాలుగవ స్థానమున నిలిచినది. కాని మామగారు సంవత్సరము చెప్పనేలేదు. దానిని తగిలించినది ఫోను. 1960 రోమ్ లెక్క తీసిచూడగా, హంగేరీ 2, భారతము 1; ఆ ఒక్కటియు బలరాముదే. ఆ యేట కంచు గెలిచినది ఆ హంగేరీయే!

"మనవాడు" అని మామగారు గర్వించుటయు విచారింపదగినదే. సికిందరాబాదు దాపున అమ్ముగూడలో తమిళ దంపతులకు పుట్టిన బిడ్డ ఆయన, తరతరాలుగా తమిళ దేశమున నుండి, ఇంట తెలుగు మాటలాడుచు, బడిలో తమిళము వ్రాయుచు, రెండుచోట్లను "మీరెవరు?" అని అడిగించుకొను రాజపాళయపు రాజులము మనము. ఇట్టి బంధుత్వమును ఏ రికార్డు పుస్తకము నిర్ణయింపగలదు? నేను కాదనలేదు.

అచ్చైన మాట అంతకంటె నమ్మదగినదా యన్నచో, చెప్పులు లేని కాళ్లవలననే 1950 ప్రపంచకప్పునకు మనలను రానీయలేదన్న కథ ఎన్ని పత్రికలలో అచ్చుకాలేదు! ఓడ ప్రయాణపు దూరము, సాధనకు చాలని వ్యవధి, ఒలింపిక్సే గొప్పయన్న మన సమాఖ్య తలపు: ఇవి ఆ కథలో కానరావు. లెక్కపత్రము సయితము అర్ధసాక్షియే. 1962 జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1తో గెలిచి స్వర్ణమందిన నాటి గోళ్లు పి.కె. బెనర్జీవి, జర్నైల్ సింగువి. ఆ ఒక్క పుటను చూచినవాడు బలరాం ఏమి చేసెనని అడుగును. థాయిలాండు, జపానుల మీద ఆయన కొట్టిన గోళ్లు వెనుకటి పుటలలో నున్నవి. ఇతరులకందించిన బంతులు ఏ పుటలోను లేవు. మరుసటి యేడే ఊపిరితిత్తుల వ్యాధి, ముప్పది యేండ్లైనను నిండకమునుపే, ఆయన ఆట మాన్పించినది.

కావున వెదుకవలసిన చోటు చూపినది మామగారి జ్ఞాపకమే గాని, కుర్రవాని ఫోను కాదు. అర్జున పురస్కారము తప్ప, 2023లో కన్నుమూయువరకు ఏ పద్మమును ఆయనకీయలేదని మామగారు వాపోయిన మాటయు నిజమే. ఆ లోటు తీర్చుటకే మామగారు తమ చేతిమీదుగా కంచు పతకము దయచేసిరేమో. నేను మాత్రము దానిని నాలుగవ స్థానముగనే వ్రాసికొంటిని.