‘రియల్ లైఫ్’ నవల: పరిశోధక విద్యార్థి జీవితం – శ్రమ, వర్ణం, మౌనం

వ్యాససంగ్రహం

విజ్ఞానశాస్త్రాన్ని వస్తువుగా తీసుకున్న రచనల్లో ఆవిష్కరణల కథలే ఎక్కువ. ఆవిష్కరణకు ముందు, చాలాసార్లు ఆవిష్కరణ లేకుండానే, ఏళ్ల తరబడి సాగే పరిశోధక విద్యార్థి జీవితం సాహిత్యంలోకి అరుదుగా వచ్చింది. అమెరికన్ రచయిత బ్రాండన్ టేలర్ తొలి నవల ‘రియల్ లైఫ్’ (2020) ఆ జీవితాన్నే కేంద్రంగా చేసుకుంది. ఈ నవలలో ప్రయోగశాల శ్రమ, సాక్ష్యం, మౌనం అనే మూడు అంశాలు ఎలా రూపుకట్టాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. జన్యు వ్యక్తీకరణ, క్రోమాటిన్ శాస్త్రాల పరిభాషను సాహిత్య విమర్శకు ఏ మేరకు వాడుకోవచ్చన్న ప్రశ్నను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: పరిశోధక విద్యార్థి, ప్రయోగశాల నవల, జన్యు వ్యక్తీకరణ, క్రోమాటిన్, వర్ణవివక్ష, మౌనం.

1. ఉపోద్ఘాతం

డి.ఎన్.ఎ. నిర్మాణం కథ చెప్పేటప్పుడు ‘ఫొటో 51’ ప్రస్తావన తప్పక వస్తుంది. 1952లో రోజలిండ్ ఫ్రాంక్లిన్ పర్యవేక్షణలో ఆ ఎక్స్-రే చిత్రాన్ని తీసినవాడు రేమండ్ గాస్లింగ్ అనే పరిశోధక విద్యార్థి. జన్యువుల వినిమయానికీ క్రోమోజోముల భౌతిక వినిమయానికీ ఉన్న సంబంధాన్ని మొక్కజొన్నలో నిరూపించిన 1931 నాటి పరిశోధనపత్రంలో బార్బరా మెక్లింటాక్ పేరుతోపాటు ఉన్నది హారియెట్ క్రైటన్ పేరు. అప్పటికి ఆమె కార్నెల్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిని. ఈ రెండు పేర్లూ శాస్త్రచరిత్ర చదివినవారికి తెలుసు. కానీ వారి దినచర్య, వారి భయం, వారి ఒంటరితనం మనకు తెలియవు. 1968లో వెలువడిన జేమ్స్ వాట్సన్ ‘ద డబుల్ హెలిక్స్’ ప్రయోగశాల జీవితాన్ని సామాన్య పాఠకుడికి దగ్గర చేసిన మాట నిజం. అయితే అది గెలిచినవాడు గెలిచిన తరువాత చెప్పిన కథ. గెలుపు ఖాయమైన కథలో ప్రతి వైఫల్యమూ గెలుపుకు మెట్టుగానే కనిపిస్తుంది.

పరిశోధక విద్యార్థికి ఆ భరోసా ఉండదు. ఈ రోజు చెడిపోయిన ప్రయోగం రేపటి విజయానికి మెట్టవుతుందో, చదువు మానేయడానికి కారణమవుతుందో అతనికి తెలియదు. ఆ తెలియనితనాన్ని నవలగా మలచగలమా? మలిస్తే దానికి ఏ రూపం కుదురుతుంది? ‘రియల్ లైఫ్’ను పరిశీలనకు తీసుకోవడానికి ఈ ప్రశ్నలే కారణం. ఈ నవల 2020 బుకర్ బహుమతి తుది జాబితాలో నిలిచింది. టేలర్ స్వయంగా విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జీవరసాయనశాస్త్ర పరిశోధన చేసి, దానిని విడిచి సాహిత్యరచనకు వచ్చారు. అంతమాత్రాన దీనిని ఆత్మకథగా చదవనవసరం లేదు. నవలలో ప్రయోగశాల వివరాలకు ఉన్న సాంద్రతను అర్థం చేసుకోవడానికి ఆ నేపథ్యం ఉపకరిస్తుంది.

2. శాస్త్ర నేపథ్యం: ఒకే పాఠం, వేరువేరు పఠనాలు

కథానాయకుడు వాలెస్ పనిచేసేది నులిపురుగుల మీద. ‘సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్’ అనే ఈ జీవి పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. 1974లో సిడ్నీ బ్రెనర్ దీని జన్యుశాస్త్రాన్ని వివరిస్తూ పత్రం వెలువరించిన నాటినుంచి ఇది జీవశాస్త్రానికి ఒక ప్రధాన నమూనా జీవి. పెరిగిన ద్విలింగ జీవిలో 959 దేహకణాలు ఉంటాయి, వాటిలో 302 నాడీకణాలు. ఈ కణాలన్నింటిలోనూ ఉన్నది ఒకే జన్యుసంపుటి. అయినా ఒక కణం నాడీకణమవుతుంది, మరొకటి కండర కణమవుతుంది. ఏ కణంలో, ఏ దశలో, ఏ జన్యువు వ్యక్తమవుతుంది అన్నదే జన్యు వ్యక్తీకరణ శాస్త్రపు మూలప్రశ్న.

ఆ ప్రశ్నకు దొరికిన సమాధానాల్లో ఒకటి క్రోమాటిన్. డి.ఎన్.ఎ. కేంద్రకంలో విడిగా ఉండదు. సుమారు 147 క్షారజతల నిడివి గల భాగం ఎనిమిది హిస్టోన్ ప్రోటీన్ల ముద్ద చుట్టూ చుట్టుకొని ఒక ప్రమాణంగా ఏర్పడుతుంది. చుట్ట బిగిస్తే ఆ ప్రాంతపు జన్యువులు సాధారణంగా మౌనంగా ఉంటాయి, సడలితే వ్యక్తమయ్యే అవకాశం పెరుగుతుంది. హిస్టోన్లమీద రసాయనిక గుర్తులను చేర్చే ఎంజైములను శాస్త్రజ్ఞులు ‘లేఖకులు’ అనీ, వాటిని గుర్తించే ప్రోటీన్లను ‘పాఠకులు’ అనీ, తొలగించేవాటిని ‘చెరిపేవారు’ అనీ అర్థం వచ్చే ఆంగ్లపదాలతో వ్యవహరిస్తారు. లిప్యంతరీకరణ, అనువాదం, మౌనీకరణం వంటి మాటలు కూడా ఈ శాస్త్రంలో నిత్యవ్యవహారంలో ఉన్నవే. ఇంతగా సాహిత్య పరిభాషను అరువు తెచ్చుకున్న శాస్త్రం మరొకటి కనిపించదు. సాహిత్య విమర్శకుణ్ణి ఆకర్షించేది ఇదే. జాగ్రత్త అవసరమైనదీ ఇక్కడే. ఈ విషయాన్ని అయిదవ విభాగంలో చర్చిస్తాను.

3. శ్రమ: బూజు పట్టిన ప్లేట్లు

నవల ఒక వేసవి చివరి వారాంతంలో మొదలై ఆ వారాంతంతోనే ముగుస్తుంది. కథ మొదలయ్యే నాటికి వాలెస్ తండ్రి మరణించి కొన్ని వారాలయింది. అతడు అంత్యక్రియలకు వెళ్లలేదు, స్నేహితులకూ చెప్పలేదు. అదే రోజు, వేసవి అంతా పెంచుతూ వచ్చిన నులిపురుగుల ప్లేట్లకు బూజు పట్టినట్టు గమనిస్తాడు. ఒక నష్టానికి కన్నీరు రాదు. రెండవ నష్టాన్ని అతడు సూక్ష్మదర్శిని ముందు కూర్చుని గంటల కొద్దీ లెక్కగడతాడు. రెండు నష్టాలనూ పక్కపక్కన నిలపడంలో రచయిత వ్యాఖ్యానం చేయడు. పాఠకుడే ఆ పోలికను పూర్తిచేస్తాడు.

ఈ నష్టం పరిమాణం తెలియాలంటే ఆ పని స్వభావం తెలియాలి. నులిపురుగు గుడ్డునుంచి గుడ్లు పెట్టే దశకు రావడానికి సుమారు మూడు రోజులు పడుతుంది. కోరిన జన్యుమార్పులన్నీ ఒకే జీవిలోకి తేవడానికి ఒక తరాన్ని మరొక తరంతో సంకరం చేస్తూ, ప్రతి తరంలోనూ తగిన పురుగులను ప్లాటినం తీగ కొనతో ఒక్కొక్కటిగా ఏరి కొత్త ప్లేటుకు మార్చాలి. ఇందులో ఆదివారం, పండుగ అన్న భేదం ఉండదు. పురుగు పెరిగే వేగమే విద్యార్థి దినచర్యను నిర్ణయిస్తుంది. పైరుకు కాపుకాసే రైతు శ్రమలాగానే ఇక్కడా కాలం మనిషి చేతిలో లేదు. అందుకే బూజు పట్టిన ప్లేటు ఒక ప్రమాదం మాత్రమే కాదు, కొన్ని తరాల కాలం తుడిచిపెట్టుకుపోవడం.

నవల పేరులోని వ్యంగ్యం ఇక్కడ బయటపడుతుంది. ప్రయోగశాల బయట ఉన్నదే ‘నిజ జీవితం’ అనీ, చదువుకాలం దానికి ముందు ఉండే విరామం అనీ పాత్రలు అనుకుంటాయి. కానీ తండ్రి మరణం, ప్రేమ, అవమానం, స్నేహభంగం అన్నీ ఈ ‘విరామం’లోనే జరుగుతున్నాయి. పరిశోధన పూర్తయ్యాక జీవితం మొదలవుతుందని నమ్మే ప్రతి విద్యార్థికీ ఈ నవల వేసే ప్రశ్న సూటిగా తగులుతుంది.

4. సాక్ష్యం: ఎవరు నిరూపించాలి?

వాలెస్ అలబామాలో పేదరికంలో పుట్టి పెరిగిన నల్లజాతి యువకుడు, స్వలింగప్రియుడు. మూడు దశాబ్దాలకు పైబడిన కాలంలో ఆ విభాగంలో చేరిన తొలి నల్లజాతి విద్యార్థి. ప్లేట్లు చెడిపోవడం వెనుక సహపరిశోధకురాలు డేనా చేయి ఉందని అతడు అనుమానిస్తాడు. నిరూపించలేడు. మరోవైపు డేనా అతడిని స్త్రీద్వేషి అని నిందిస్తుంది. పర్యవేక్షకురాలు సిమోన్ ఆ నిందను వినే తీరు వేరు, వాలెస్ మాటను వినే తీరు వేరు. చివరకు, ఈ చదువు నిజంగా కావాలో లేదో ఆలోచించుకోమన్న సలహా వాలెస్‌కే అందుతుంది.

నవలలో అత్యంత బలమైన ఆలోచన ఇక్కడ ఉందని నా అభిప్రాయం. ప్రయోగశాల వాలెస్‌కు నేర్పిన పద్ధతి ఒకటుంది: ఒక ఫలితానికి కారణం చెప్పాలంటే ఇతర కారణాలన్నింటినీ తొలగించి చూపాలి, నియంత్రణ ప్రయోగం ఉండాలి, మళ్లీ చేస్తే అదే ఫలితం రావాలి. వివక్ష ఈ పరీక్షకు లొంగదు. ఒక చూపు, ఒక మాట, ఒక సలహా – ప్రతిదానికీ వేరే కారణం చెప్పే వీలుంటుంది. వాలెస్ తెల్లవాడై ఉంటే సిమోన్ ఏమని ఉండేదో చూపే నియంత్రణ ప్రయోగం ఎవరూ చేయలేరు. కాబట్టి సాక్ష్యభారం ఎప్పుడూ బాధితుడి మీదే పడుతుంది. సాక్ష్యాన్ని ఆరాధించే స్థలంలోనే ఒక మనిషి అనుభవం సాక్ష్యంగా చెల్లదు. శాస్త్రపద్ధతిని తప్పుపట్టడం నవల ఉద్దేశం కాదు. ఆ పద్ధతిని తమకు అనుకూలమైన చోట కఠినంగా, అననుకూలమైన చోట సడలించి వాడుకునే మనుషులను చూపడమే ఉద్దేశం. డేనా మాటకు సిమోన్ ఏ నియంత్రణ ప్రయోగమూ అడగలేదు కదా!

2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణించిన తరువాత, మన విశ్వవిద్యాలయాల్లో కులవివక్షను గురించి జరిగిన చర్చలను గుర్తున్నవారికి ఈ ఘట్టం దూరపు కథగా తోచదు. కులమూ జాతీ ఒకటి కావు. వాటి చరిత్రలు వేరు, పనిచేసే తీరు వేరు. కానీ ‘అది వివక్షేనని నిరూపించు’ అనే కోరిక రెండు చోట్లా ఒకే రకంగా వినిపిస్తుంది.

5. మౌనం: రూపకానికి హద్దు

స్నేహితుల విందులో రోమన్ అనే పాత్ర, వాలెస్ పుట్టుపూర్వాల వల్ల అతనికి కొన్ని లోపాలున్నాయన్న అర్థంలో మాట్లాడుతుంది. బల్ల చుట్టూ కూర్చున్న స్నేహితుల్లో ఎవరూ మాట్లాడరు. మాట కంటే ఆ మౌనమే వాలెస్‌ను ఎక్కువ గాయపరుస్తుంది. ఆ తరువాత, బాల్యంలో తాను ఎదుర్కొన్న లైంగిక హింసను అతడు మిల్లర్‌కు చెబుతాడు. అంతవరకు ప్రథమపురుషలో నడిచిన కథనం ఆ అధ్యాయంలో ఉత్తమపురుషకు మారుతుంది. ‘అతడు’ అని వ్యవహరింపబడుతూ వచ్చినవాడు మొదటిసారి ‘నేను’ అంటాడు. శైలీపరంగా నవలలో ఇంతకంటే ముఖ్యమైన ఘట్టం లేదు.

దీనిని క్రోమాటిన్ భాషలో చదవాలన్న ప్రలోభం సహజం. బాల్యపు గాయం ఒక రసాయనిక గుర్తు వంటిదనీ, అది వాలెస్‌లోని ఒక భాగాన్ని చుట్టి మౌనపరచిందనీ, ఉత్తమపురుష కథనం ఆ చుట్ట విప్పిందనీ అనవచ్చు. వినడానికి అందంగా ఉంటుంది. కానీ ఈ పఠనం సరికాదు. మౌనీకరణం కణానికి అవసరమైన, ఉద్దేశం లేని ప్రక్రియ. నాడీకణంలో కండర జన్యువులు మౌనంగా ఉండటం అన్యాయం కాదు. అది లేకపోతే దేహమే లేదు. విందులో స్నేహితుల మౌనం అలాంటిది కాదు. అది ఎంపిక, అందుకే దానికి బాధ్యత ఉంది. శాస్త్రరూపకం ఇక్కడ ఆ బాధ్యతను చెరిపేస్తుంది. టేలర్ తన శాస్త్రజ్ఞానాన్ని ఇలాంటి పోలికలకు ఖర్చు చేయకపోవడం గమనించదగినది. నవలలో పురుగు పురుగే, బూజు బూజే.

తెలుగు పాఠకుడికి మరొక ప్రలోభం ఉంది. రంగును బాగా పట్టుకుంటుంది కనుక, 19వ శతాబ్ది చివర వాల్థర్ ఫ్లెమింగ్ కేంద్రక పదార్థానికి ‘క్రోమాటిన్’ అని పేరు పెట్టాడు. గ్రీకులో ‘క్రోమా’ అంటే రంగు. మన భాషలో ‘వర్ణం’ అంటే రంగు, అక్షరం, సామాజిక విభాగం కూడా. శాస్త్రం, సాహిత్యం, సమాజం మూడూ ఒక్క మాటలో ఇమిడినట్టు కనిపిస్తాయి. అయితే ఫ్లెమింగ్ చూసిన రంగు పదార్థానిది కాదు, చూసేవాడు అద్దిన అద్దకానిది. ఈ శ్లేష నుంచి నవలకు ఉపకరించే అర్థం అదొక్కటే: వాలెస్‌ను ఆ విభాగంలో అందరికీ కనిపించేలా చేసినది కూడా చూసేవారి దృష్టే.

6. పరిమితులు

నవలకు లోపాలు లేకపోలేదు. డేనా, రోమన్ పాత్రలు వాలెస్‌ను గాయపరచడానికే ప్రవేశిస్తాయి. వాటికి సొంత జీవితం తక్కువ. సిమోన్ వైపునుంచి ప్రయోగశాల నడపడంలోని ఒత్తిళ్లు కనిపించవు. అంతకంటే పెద్ద లోపం, పరిశోధనలోని ఆనందానికి చోటు బాగా తగ్గిపోవడం. అనుకున్న పురుగు అనుకున్న ప్లేటులో కనిపించిన క్షణపు ఉత్సాహం లేకుండా ఏ విద్యార్థీ ఏళ్ల తరబడి ఆ బల్ల ముందు కూర్చోడు. ఆ ఉత్సాహం బలంగా కనిపించి ఉంటే, దానిని విడవాలా వద్దా అన్న వాలెస్ సందిగ్ధం మరింత బరువెక్కేది.

7. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి:

• ‘రియల్ లైఫ్’ ప్రయోగశాలను నేపథ్యంగా కాక శ్రమస్థలంగా చిత్రించింది. నమూనా జీవి జీవచక్రమే ఇక్కడ విద్యార్థి కాలాన్ని శాసిస్తుంది.

• సాక్ష్యాన్ని కోరే శాస్త్రస్థలంలో వివక్ష అనుభవం సాక్ష్యంగా చెల్లకపోవడం నవల చూపిన ప్రధాన వైరుధ్యం.

• ప్రథమపురుష నుంచి ఉత్తమపురుషకు మారిన కథనం పాత్ర మౌనాన్ని ఛేదించిన శిల్పసాధనం.

• జన్యు వ్యక్తీకరణ పరిభాష విమర్శకు ఆకర్షణీయమే అయినా, మనుషుల బాధ్యతను ప్రకృతి ప్రక్రియగా మార్చే చోట దానిని వాడకూడదు.

చివరి అధ్యాయం వాలెస్ ఆ ఊరికి కొత్తగా వచ్చిన రోజులకు, స్నేహితులను తొలిసారి కలిసిన సాయంత్రానికి వెనక్కి వెళుతుంది. అతడు చదువు కొనసాగించాడా, విడిచాడా అన్నది మనకు తెలియదు. సి.సి.ఎం.బి. వంటి సంస్థ హైదరాబాదులోనే ఉండగా, ఎందరో తెలుగు విద్యార్థులు దేశవిదేశాల్లో ఇలాంటి బల్లల ముందే యౌవనాన్ని గడుపుతున్నారు. వారి జీవితం తెలుగు నవలలో ఇంకా తగినంతగా రాలేదు. అది వచ్చిన నాడు, పట్టా చేతికందిన ఘట్టంతో ముగియనవసరం లేదని ఈ నవల గుర్తుచేస్తుంది.