సాగర్ రోడ్డు మీద పన్నెండు మెట్ల కిన్నెర

బుర్రకథకు వంతలు ఇద్దరుండాలి. ఒగ్గుకథకు డోళ్లు, తాళాలు కావాలి. కిన్నెర కథకు ఒక్క మనిషి చాలు. కిన్నెర వాద్యకారుడు దర్శనం మొగులయ్య తన వాద్యపు వెదురు దండెను ఒంటికి ఏటవాలుగా ఆనించుకుని, ఒక చేయి తీగ మీదా మరో చేయి మెట్ల మీదా పెట్టి గొంతెత్తారంటే కథ చెప్పేది ఆయనే, ఊకొట్టేది ఆయన కిన్నెరే. ఒకే మనిషి రెండు గొంతులతో పాడుతున్నట్టుంటుంది. తెలుగు నేల మీద ఇంత పని ఒంటిచేత్తో చేసే కళాకారుడు మరొకరున్నారంటే నేను నమ్మను.

ఆయన పాడేటప్పుడు గొంతు ఆగే చోటు గమనించండి, అసలు విద్య అక్కడే ఉంది. చరణం ముగిసీ ముగియకముందే అదే వరుసను తీగ అందుకుంటుంది. మాట లేకుండానే మాట వినిపిస్తుంది. పాలమూరు వీరుడు పండుగ సాయన్న పేరు ఆయన రెండుమూడు సార్లు పలికాక, తర్వాత తీగ ఒక్కటే పలికినా మనకు సాయన్నే గుర్తొస్తాడు. ఆ విరామంలోనే కథకుడు ఊపిరి తీసుకుంటాడు, తర్వాతి సంగతి గుర్తు చేసుకుంటాడు, ఎదుట కూర్చున్నవారి ముఖాలు చూసుకుంటాడు. జనం కదిలిపోతున్నారనుకుంటే అదే వరుసను మరోసారి తిప్పుతాడు, విసుగు కనిపిస్తే కథను ముందుకు నడిపిస్తాడు. గంటల కొద్దీ పాడినా గొంతు అలిసిపోకపోవడానికి కారణం ఈ పంపకమే. గొంతు కూడా మామూలు గొంతు కాదు. పైస్థాయిలో ఎత్తుకుంటే మైకు లేకుండా వాడ చివరిదాకా వినపడాలి. ఎత్తుకున్న చోటి నుంచి జారిపోకుండా కిన్నెరకున్న 12 మెట్లే కాపలా కాస్తాయి.

కిన్నెర తయారీ సంగతికొస్తే, వెదురు దండె, దాని కింద ఎండబెట్టిన సొరబుర్రలు, తీగలు, తేనెమైనంతో నిలబెట్టిన మెట్లు. పూర్వం మెట్లకు అలుగు పొలుసులు వాడేవారని చెబుతారు. చరిత్ర కూడా చిన్నది కాదు. 13వ శతాబ్దపు సంగీత రత్నాకరంలో చిన్న కిన్నెర, పెద్ద కిన్నెర రెండూ ఉన్నాయి. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య కథ చెప్పాడు. అంత పాత వాద్యాన్ని పండితులు ఎప్పుడో వదిలేశారు. దాన్ని ఊరి చివరి గుడిసెల్లో కాపాడింది డక్కలివారు. మాదిగల మీద ఆధారపడి బతుకుతూ, వారికి జాంబపురాణం వినిపిస్తూ తిరిగిన సంచార కళాకారులు వీరు. ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆచార్య గూడూరు మనోజ వంటివారు ఊరూరా తిరిగి మూలపడ్డ ఇలాంటి వాద్యాలను వెలికి తీయకపోతే, ఈ పాటికి కిన్నెర పేరు నిఘంటువులో మాత్రమే మిగిలేది.

మొగులయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. ఆయన కథల్లో ముందు చెప్పుకోవలసింది పండుగ సాయన్న కథే. ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టిన పాలమూరు వీరుడు. నిజాం కాలంలో ప్రాణం తీసినా పాలమూరు పాటలోంచి మాత్రం చెరిగిపోలేదు. మియాసాబ్ కథ కూడా మొగులయ్య నోట వినవలసిందే. 2015లో ఉగాది పురస్కారం వచ్చింది. 2021 సెప్టెంబరులో 'భీమ్లా నాయక్' టైటిల్ పాట బయటికొచ్చేసరికి లోకమంతా ఆ గొంతు ఎవరిదని అడిగింది. తమన్ సంగీతం, రామజోగయ్యశాస్త్రి సాహిత్యం. పాట మొదట్లో మొగులయ్య నాయకుడి పుట్టుపూర్వోత్తరాలు చెబుతారు. కిన్నెర కథ ఎత్తుకునే పద్ధతి అచ్చంగా అదే. వీరుడి ఊరు, తల్లి, తండ్రి తెలియకుండా కథ కదలదు. సినిమావాళ్లు ఆ పద్ధతిని చెడగొట్టకుండా ఉంచినందుకు వారికి నమస్కారం. కానీ ఆ ఎత్తుగడ ఉన్నది కొద్దిసేపే. రాత్రంతా వినవలసిన విద్యకు మనం ఇచ్చింది అంత చోటే.

2022 జనవరిలో పద్మశ్రీ ప్రకటించారు. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, నగరంలో ఇంటి స్థలం ఇస్తామని చెప్పింది. పల్లె పాటగాడు ఎక్కగలిగిన మెట్లన్నీ ఎక్కేశాడనుకున్నాం. 2024 మేలో తుర్కయంజాల్‌లో కట్టుబడి పని దగ్గర కూలీగా కనిపించారు.

ఎల్బీనగర్ చౌరస్తా నుంచి బీఎన్ రెడ్డి నగర్, గుర్రంగూడ దాటి సాగర్ రోడ్డు మీద వెళితే తుర్కయంజాల్ వస్తుంది. ఆ దారి పొడుగునా కొత్త అపార్టుమెంట్లే. వాటికి ఇటుక మోసేవారిలో, కాంక్రీటు కలిపేవారిలో పాలమూరు, దేవరకొండ మనుషులు ఎందరో. తీగ మీద అంత సుతారంగా కదిలే ఆ వేళ్లు సిమెంటు పనికి దిగాయి. నెలకు 10 వేల పింఛను ఆగిపోయిందని ఆయన చెప్పుకున్నారు. ఆ వార్త చదివి నాకు అన్నం సహించలేదు. రాష్ట్రపతి చేతులమీదుగా పద్మం అందుకున్న చేతులవి! ఆ తర్వాత హయత్‌నగర్‌లో 600 గజాల స్థలం కాగితాలు చేతికందాయి. సంతోషమే. కానీ ఏళ్లు పట్టింది.

ఈ తూర్పు హైదరాబాద్‌కు పాట కొత్త కాదు. నల్లగొండ, ఖమ్మం బస్సులు ఆగే చోటు ఎల్బీనగర్, పల్లె పిల్లలు కోచింగుకొచ్చి హాస్టళ్లలో దిగే చోటు దిల్‌సుఖ్‌నగర్. పెట్టెతోపాటు పాటను కూడా మోసుకొచ్చిన పిల్లలు వాళ్లు. 2009 నవంబర్ 29న ప్రత్యేక తెలంగాణ కోసం శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నది ఎల్బీనగర్ చౌరస్తాలోనే. ఆ తర్వాత ధూంధాం వేదికల మీద అమరుల తల్లుల గోడును మిట్టపల్లి సురేందర్ రాస్తే సాయిచంద్ పాడాడు. ఆ పాట విని కంట నీరు పెట్టని మనిషిని నేను చూడలేదు. సాయిచంద్ వనపర్తి జిల్లా అమరచింత బిడ్డ. గుర్రంగూడలో ఇల్లు. 2023 జూన్ 29న నలభై నిండకుండానే గుండె ఆగి పోయాడు. వనస్థలిపురంలో అంత్యక్రియలకు జనం ఎలా కదిలివచ్చారో ఈ ప్రాంతమంతా చూసింది. ఉద్యమ వేదిక ఎక్కడం ద్వారా పాటగాడు నగరంలో నిలదొక్కుకోగలిగిన కాలం సాయిచంద్‌ది. గద్దర్ వేసిన బాట, రసమయి బాలకిషన్ నడిచిన బాట.

ఇప్పుడు బాట మారింది. మాటీవీలో 'రేలా రే రేలా' వచ్చినప్పుడు ఎక్కడెక్కడి పల్లె గొంతులో బయటపడ్డాయి. తర్వాత యూట్యూబ్. సిద్దిపేట వైపు నుంచి కనకవ్వ వచ్చింది, మంచిర్యాల వైపు నుంచి దుర్గవ్వ వచ్చి అదే 'భీమ్లా నాయక్'లో పాడింది. వీళ్లందరి ఎదుగుదల నాకు ఆనందమే. పొలంలో పాడిన పాటను స్టూడియోలో అదే జీవంతో పాడడం తేలిక కాదు, ఆ అమ్మలకు అది చేతనైంది.

నా కోపం వేరేవాళ్ల మీద. పల్లె పాట పల్లవి ఒక్కటి తీసుకుని, చరణాలు పారేసి, కింద ఒకే దరువు కంప్యూటర్‌లో పరిచి, గొంతును యంత్రంతో నున్నగా చేసి 'ఫోక్' అని అమ్మేవాళ్ల మీద. దిల్‌సుఖ్‌నగర్ నుంచి సరూర్‌నగర్ చెరువు దాకా నిమజ్జనం రోజున నడిచి చూడండి. బండి మారుతుంది, దరువు మారదు. పెళ్లి బరాత్‌లోనూ అదే. ఏ పాటైనా ఒకే వేగం. కిన్నెర కావాలంటే కీబోర్డులో మీట నొక్కుతున్నారు. ఆ మీటకు 12 మెట్లు ఎక్కడివి? వేలు మెట్టు మీంచి జారేటప్పుడు పుట్టే ఆ చిన్న వణుకు ఎక్కడిది? 2024లో ఊరేగింపుల్లో డీజేలను పోలీసులు నిషేధించినప్పుడు ఎందరో విసుక్కున్నారు, నేను మాత్రం సంతోషించాను.

ఇంకో బాధ. కిన్నెర మొగులయ్యనూ 'బలగం' సినిమా మొగిలయ్యనూ ఒకరే అనుకునేవారు ఈనాటికీ ఉన్నారు. బలగం మొగిలయ్య వరంగల్ జిల్లా బుడగజంగాల కళాకారుడు, భార్య కొమురమ్మతో కలిసి 2023లో ఆ సినిమా చివర ఊరందరినీ ఏడిపించినవాడు. 2024 డిసెంబరులో కన్నుమూశాడు. ఇద్దరిదీ రెండు వేర్వేరు సంప్రదాయాల విద్య, రెండు వేర్వేరు కులాల కన్నీటి చరిత్ర. పేర్లు కలగాపులగం చేసే దగ్గరే మన అభిమానం ఎంత పైపైదో తెలుస్తుంది. చప్పట్లు కొట్టడానికి మనకు పేరు కూడా సరిగా తెలియనక్కర్లేదన్నమాట.

ప్రభుత్వానికి, తెలుగు విశ్వవిద్యాలయానికి, ఈ ప్రాంతంలో స్టూడియోలు నడుపుతున్న తమ్ముళ్లకు నా విన్నపం ఇది. మొగులయ్య గారికి శాలువాలు చాలు. ఆయనను అధ్యాపకుడిగా పెట్టుకోండి, నెల జీతమివ్వండి. వరంగల్‌లోని జానపద గిరిజన విజ్ఞాన పీఠం నుంచి విద్యార్థులు ఆయన దగ్గరికి రావాలి, ఆయన వాళ్ల దగ్గరికి పోవాలి. డక్కలి పిల్లలు నలుగురైనా అందులో ఉండాలి, ఎందుకంటే ఇది వాళ్ల ఇంటి ఆస్తి. కిన్నెర కట్టడం కూడా పాఠమే కావాలి. సొరబుర్ర ఎంత ఎండాలో, మైనం ఎంత వేడి మీద మెట్టు పట్టుకుంటుందో చేతి పక్కన చేయి పెట్టి చూస్తేనే వస్తుంది.

పండుగ సాయన్న కథను మొదటి నుంచి చివరి దాకా ఒక్క కోత లేకుండా రికార్డు చేయాలి. గొంతుకు ఒక మైకు, బుర్రలకు ఒక మైకు చాలు. ఎదుట పది మంది పాలమూరు మనుషులను కూర్చోబెట్టండి, ఊకొట్టేవారు లేకపోతే కథకుడికి ఊపు రాదు. వెనక దరువు వద్దు, హంగులు వద్దు. రాత్రి ఎన్ని గంటలైతే అన్ని గంటలు.