జీజీ-1: అందమును, ఆవశ్యకతయు

విద్యుత్ రైలింజనులలో అందమైనది ఏదన్న, అమెరికాలో పెన్సిల్వేనియా రైల్వే 1934లో ప్రవేశపెట్టిన జీజీ-1ను పలువురు పేర్కొందురు. 1943 నాటికి 139 ఇంజనులు తయారైనవి. ఖ్యాతి రేమండ్ లోవీకి దక్కినది. రివెట్లకు మారుగా వెల్డింగు చేసి దేహమును నునుపు చేయుమని సూచించినది ఆయనయే. కాని ఆ రూపమునకు తొలి నమూనాలు తీర్చిన డోనాల్డ్ డోనర్ పేరు మరుగున పడినది. ఇది న్యాయము కాదు.

ఈ ఆకారము వట్టి అలంకారము కాదు. చోదకుల గదులు రెండును నడుమకు జరుగుటచే ఎదురు తాకిడినుండి వారికి రక్షణ కలిగెను. అయితే లోపమును లేకపోలేదు. 1958 ఫిబ్రవరిలో పిండివంటి మంచు గాలిద్వారముల గుండ మోటార్లలో చేరి, పెక్కు ఇంజనులను నిలిపివేసెను. పిదప కొన్నింటికి ఆ ద్వారములను పైకి మార్చిరి.

యంత్రపు సొగసును మెచ్చువారు, దానికి గాలి ఎచ్చటినుండి అందుచున్నదో కూడ పరిశీలింపవలెను.