మగాళ్ళకూ ఓ మీటింగు కావాలి

డిసెంబరు ఆఖరు వారం వచ్చిందంటే పల్నాడులోని ముప్పాళ్ళ సెంటర్లో పురుగుమందుల షాపు కౌంటరు మీద కొత్త డైరీలు దొంతరగా వెలుస్తాయి. బాకీ కట్టిన రైతుకు డైరీ, కట్టనివాడికి క్యాలెండరు. ఈ వారం ఆ దొంతర పక్కనే 2025 నాటి పాత డైరీ ఒకటి ఈ కాలమిస్టు కంట పడింది. షాపులో లెక్క చూసుకుందామని ఓ మిర్చి రైతు వెంట తెచ్చుకున్నాడు. చూడొచ్చా అని అడిగితే నవ్వుతూ చేతికిచ్చాడు. "చూడండి, సంక్రాంతి దాకానే ఉంది కథ" అన్నాడు.

జనవరి 1 పేజీలో నాలుగు లైన్లు. పొద్దున్నే నడక. టీ బంద్. పచ్చళ్ళు తగ్గించాలి. నెలకు రెండు వేలు పక్కన పెట్టాలి. పండగ దాకా రోజువారీ ఖర్చు చిల్లరతో సహా రాసి ఉంది. ఆ తర్వాత పాల లెక్క, కోతకొచ్చిన కూలీల పేర్లు, ట్రాక్టరు డ్రైవరు ఫోన్ నంబరు. మే నెల పేజీల్లో మనవడెవరో ఏనుగు బొమ్మ వేశాడు.

ఈ కాలమ్‌ను ఏళ్ళ తరబడి భరిస్తున్నవాళ్ళకు తర్వాత వచ్చేదేమిటో తెలుసు. లెక్క రాయండి బాబూ అని ఇక్కడ పోరు పెట్టని ఏడాది లేదు. పాత షావుకార్ల చిట్టా ఆవర్జాల ముచ్చట, జపాన్‌లో హనీ మొటోకో అనే పాత్రికేయురాలు 1904లో అచ్చు వేయించిన ఇంటి ఖర్చుల పుస్తకం 'కకేబో' ముచ్చట చదివి చదివి కొందరు విసుక్కున్నారు కూడా. ఈ డైరీ కూడా మొదట ఆ వాదనకే సాక్ష్యం చెబుతున్నట్టు కనిపించింది. రాసినన్నాళ్ళు మాట నిలిచింది, కలం ఆగగానే మాటా పోయింది.

తీరా కూడికలు వేస్తే సంగతి వేరేగా తేలింది. పది రూపాయల టీ రోజుకు రెండు మానేస్తే ఏడాదికి మిగిలేది 7,300. అదే మనిషి అంతకు ముందు ఆగస్టులో నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చాడు. ఏప్రిల్లో తీర్చేసరికి వడ్డీయే 16,000. ఆ వడ్డీ సంగతి డైరీలో ఎక్కడా లేదు. ఇక ధర మాటకొస్తే, 2025 ఫిబ్రవరిలో గుంటూరు యార్డులో మిర్చి పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. అంతకు ముందు సీజన్లో ఇరవై వేలకు అమ్ముకున్నవాళ్ళున్నారు. ఎకరాకు ఇరవై క్వింటాళ్ళు దిగితే తేడా లక్షన్నర దాటుతుంది. ఎన్ని టీలు మానితే పూడుతుందది?

నడక సంగతీ అంతే. జనవరి నుంచి కోతలు, కల్లాలు. పొద్దస్తమానం కల్లంలో కాయ తిరగేసేవాడు మళ్ళీ నడకకు పోవాలా? పది వేల అడుగుల నియమం కూడా డాక్టర్లు పెట్టింది కాదు. 1965లో ఓ జపాన్ కంపెనీ అమ్మిన అడుగుల మీటరు పేరులోంచి పుట్టింది. పచ్చళ్ళలో ఉప్పు మాట మాత్రం తోసెయ్యలేం. రోజుకు ఐదు గ్రాముల లోపే ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. పండుమిరప పచ్చడి కలపకపోతే ముద్ద దిగని పల్నాడులో అది కోటప్పకొండ ఎక్కినంత పని.

డబ్బు, ఒళ్ళు రెండూ ఒక్క దెబ్బకు బాగుపడిన తీర్మానం తెలుగునాట ఒకటి ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటది. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు వాచకంలో సారా గురించిన సీతమ్మ కథ చదివారు. 1992లో ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. వాళ్ళకు ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు అలా రాష్ట్రమంతా తెలిసింది. ఆ సెగకు 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా బంద్ అయింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మద్యం మొత్తాన్నీ నిషేధించింది. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. సర్కారు చట్టం రెండేళ్ళు నిలిచింది. ఆ ఉద్యమం వెన్నంటి నెల్లూరులో మొదలైన 'పొదుపులక్ష్మి', అంటే మనిషికి రోజుకో రూపాయి పొదుపు, మాత్రం ఆగలేదు. డ్వాక్రా సంఘాలతో కలిసి ఊరూరా పాకింది.

ఎందుకు ఆగలేదో తెలుసుకోవాలంటే ఏ సంఘం మీటింగుకైనా వెళ్ళి ఓ గంట కూర్చోవాలి. చాప మీద పదిమంది గుండ్రంగా కూర్చుంటారు. మధ్యలో రేకు పెట్టె. ఒక్కొక్కరే డబ్బు ముందు పెడుతుంటే యానిమేటర్ పేరు పైకి చదివి పుస్తకంలో ఎక్కిస్తుంది. కట్టని పేరు దగ్గర ఆమె గొంతు ఆగుతుంది, తొమ్మిది తలలు అటు తిరుగుతాయి. రానివాళ్ళకు జరిమానా. ఎవరి డైరీ వాళ్ళు రహస్యంగా రాసుకుంటే ఈ పని జరగదు. ఇన్నేళ్ళు పుస్తకం, పుస్తకం అని మొత్తుకున్న ఈ కాలమ్ ఇక ఆ పాట మార్చుకోక తప్పదు. అసలు బలం పుస్తకం చుట్టూ కూర్చున్న ఆ పదిమందిది. పల్నాటి కథలోనూ అంతే కదా. పందెం ఊరందరి ఎదుట కాశారు కాబట్టే, కోడి ఓడాక బ్రహ్మనాయుడు మారుమాట లేకుండా ఏడేళ్ళు ఊరు విడిచాడు.

పదిమంది కళ్ళు మనిషిని నలిపేయనూగలవు. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీలు వాయిదాల వసూళ్ళకు వాడుకున్నది ఈ గ్రూపు మొహమాటాన్నే. ఆత్మహత్యల వార్తలు వచ్చాకే ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. పొదుపు అడిగే మీటింగు వేరు, అప్పు అడిగే మీటింగు వేరు.

ముప్పాళ్ళ ఆడవాళ్ళకు నెల నెలా ఆ చాప ఉంది. మగాళ్ళకు టీ బెంచీ ఉంది, అక్కడ ధర మాట, రాజకీయం మాట తప్ప బీపీ ఎంత, వడ్డీ ఎంత అని ఒకరినొకరు అడగరు. కాబట్టి అన్నలారా, ఈ జనవరిలో డైరీ తెచ్చుకున్నా తెచ్చుకోకపోయినా ఒక పని చేయండి. పదిమంది కలిసి నెలకో తేదీ అనుకోండి. ఊళ్ళో ఏఎన్ఎంను పిలిచి అందరూ బీపీ, షుగరు చూపించుకోండి. ఎవరు ఎంత వడ్డీకి తెచ్చారో పైకి చెప్పుకోండి. రానివాడికి వంద రూపాయల జరిమానా వేయండి.