చాకలి పద్దు

ఎస్సార్ నగర్ వైపు పోయే మా సందు మలుపులో ఒక ఇస్త్రీ బండి ఉంది. బొగ్గుల పెట్టె, పైన రేకు, పక్కన దుప్పట్లలో కట్టిన మూటలు. ఆమధ్య ఒక ఆదివారం నా మూట తెచ్చుకోవడానికి వెళ్తే మా మేనల్లుడు కూడా వచ్చాడు. ఊరి నుంచి వచ్చి, అమీర్‌పేటలో మైత్రీవనం పక్కన ఆరు నెలలు కోర్సు చేసి, ఈ మధ్యే ఉద్యోగంలో చేరాడు. వాడి మూట విప్పి లెక్కపెట్టాం. ఆరు చొక్కాలు, మూడు ప్యాంట్లు.

"ఎప్పుడూ గివే వస్తయి సార్" అన్నాడు ఇస్త్రీ చేసే అతను. "గా నీలం గీతల చొక్కా అయితే వారానికి రెండుసార్లు."

హాస్టల్ గదిలో వాడి బీరువా నేను చూశాను. మోకాలితో నొక్కితే గానీ తలుపు పడదు.

మా చిన్నప్పుడు ఇంట్లో గోడ మేకుకు ఒక నోటుపుస్తకం వేలాడుతుండేది. చాకలి పద్దు. ఎన్ని పంచెలు వేశాం, ఎన్ని చీరలు వేశాం, తిరిగి ఎన్ని వచ్చాయి అని అమ్మ అందులో రాసేది. ఏ ఇంటి బట్టో తెలియడానికి అంచు మీద నల్లజీడి గుర్తు ఉండేది. పనికిమాలిన జాబితా ఏది కనిపించినా 'చాకలి పద్దు' అని వెక్కిరించడం మనకు అలవాటు. నాకు మాత్రం అంత నిజాయితీ గల లెక్క ఇంకోటి కనబడదు. బీరువాలో ఉండేది మనం ఎలా కనబడాలనుకున్నామో ఆ ఊహ. ఉతుక్కీ ఇస్త్రీకీ వెళ్లి వచ్చేవే మన బట్టలు.

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మెట్రోలో ఒక్క స్టేషను. నడిస్తే ఇరవై నిమిషాలు. ఈ చివర కోచింగ్ సెంటర్లు, ఆ చివర మాల్స్, మధ్యలో బట్టల షాపులు, బంగారం షాపులు. జీతం పుట్టే చోటికీ కరిగే చోటికీ అంతే దూరం. నేనూ ఆ దారిన నడిచినవాణ్నే. ఇంటర్వ్యూల రోజుల్లో మా గదిలో నలుగురికి ఒకటే టై. ముడి వేయడం ఒక్కడికే వచ్చు. అందుకని ఆ ముడి ఎప్పుడూ విప్పేవాళ్లం కాదు. కాస్త వదులు చేసి, తల మీంచి తీసి, తర్వాతి వాడి మెడలో వేసేవాళ్లం. నలుగురికీ ఉద్యోగాలు వచ్చాయి.

తప్పు ఆ తర్వాత చేశాను. మొదటి ఏడాదే క్రెడిట్ కార్డు గీకి ఒక బ్లేజర్ కొన్నాను. హైదరాబాద్ ఎండలకు అది నా ఒంటిమీదికి ఎక్కింది మూడుసార్లు. బిల్లులో 'కనీసం కట్టాల్సింది' అన్న చిన్న అంకె చూసి, అది కడితే చాలనుకున్నాను. ఆ లెక్క ఇవాళ్టి అంకెల్లో వేస్తే ఇలా ఉంటుంది. బాకీ 12,000. నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే 420. దాని మీద 18 శాతం జీఎస్టీ 75 చిల్లర. మీరు 600 కడితే దాదాపు 496 వీటికే పోతుంది. అసలు తగ్గేది నూరు రూపాయల పైన నాలుగు. బ్లేజర్ హ్యాంగర్‌కు వేలాడుతూనే ఉంటుంది, వడ్డీ మాత్రం రోజూ తొడుక్కుని తిరుగుతుంది.

మా నాన్నకు ఈ బాధ లేదు. పండక్కి ఒక తాను తెచ్చేవాడు. అన్నదమ్ములందరికీ అదే గుడ్డ. "ఎదిగే పిల్లలు, కాస్త వదులుగా కుట్టు" అని టైలరుకు చెప్పేవాడు. లోపల మడత వదిలేవారు, పొడవైతే విప్పేవారు. చొక్కా కాలర్ అరిగితే ఊడదీసి, తిప్పి మళ్లీ కుట్టించేవారు. మంచి వైపు పైకి వచ్చేది. అదంతా పేదరికమే అనుకునేవాణ్ని. అందులో పనితనం కూడా ఉందని ఇప్పుడు తెలుస్తోంది. నేనిప్పుడు షాపులో ధర చీటీ కంటే ముందు బట్టను తిరగేసి లోపలి కుట్టు చూస్తాను. మార్జిన్ ఎంత వదిలారు, బొత్తాం దారం ఎలా ఉంది, కింద మడత విప్పితే ఎంత పొడవు వస్తుంది, ఇవే నా ప్రశ్నలు. ఆల్టరేషన్‌కు పనికిరాని ప్యాంటు, నడుము రెండంగుళాలు పెరగ్గానే పాత గుడ్డే.

ధరలోనూ ఒక గీత ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ దుస్తులకు 2,500 దాకా 5 శాతం, దాటితే 18 శాతం జీఎస్టీ. పన్ను కలపకముందు 2,500 ఉన్న చొక్కా చేతికి 2,625కు వస్తే, 2,600 ఉన్నది 3,068 అవుతుంది. వంద రూపాయల తేడా 443 అయి కూర్చుంటుంది.

ఇక ఆషాఢం. పెళ్లిళ్లు ఉండవు, కొత్త కోడళ్లు పుట్టిళ్లలో ఉంటారు, బేరాలు పలచబడతాయి. శ్రావణానికి కొత్త సరుకు దించాలంటే పాతది కదలాలి. అందుకే ఆ తగ్గింపు బోర్డులు. షాపువాళ్ల అవసరం మనకు అవకాశమే, కాదనను. కానీ ఒకటి కొంటే రెండు ఉచితమన్నప్పుడు, ఆ రెండూ ఇస్త్రీ మూటలోకి వస్తాయా అన్నది మనం వేసుకోవాల్సిన ప్రశ్న.

ఇదంతా బండి దగ్గరే మేనల్లుడికి చెబితే వాడు నవ్వాడు.

"మరి ఆఫీసులో అందరూ రోజుకొకటి వేసుకొస్తారు కదా మామయ్యా?"

"నిన్న నీ పక్క సీటతను ఏ రంగు చొక్కా వేసుకొచ్చాడు?"

వాడికి గుర్తు రాలేదు.

ఆ మధ్యాహ్నం కాగితం మీద లెక్క వేసుకున్నాం. ఉద్యోగం పోతే మూడు నెలలు హాస్టల్‌కూ తిండికీ సరిపడే డబ్బు ముందు. అది పోగయ్యాక పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్. 2023 అక్టోబరులో దానిమీద వడ్డీ 6.7 శాతం చేశారు. ఆ లెక్కన నెలకు 2,000 చొప్పున ఐదేళ్లు కడితే మన డబ్బు 1,20,000, చేతికొచ్చేది సుమారు 1,42,700. జీతం పడిన రోజే అది పక్కకు వెళ్లాలి, మిగిలినదాంట్లో చొక్కా కొన్నా నాకు అభ్యంతరం లేదు.

మరుసటి ఆదివారం వాడి మూటలో ఒక ఆకుపచ్చ చొక్కా చేరింది. ఇస్త్రీ అతను దాన్ని బల్ల మీద పరిచి, కాలర్ చూసి, "కొత్తదా తమ్మీ?" అన్నాడు.

"కాదన్నా, పోయినేడు కొన్నదే" అన్నాడు వాడు కాస్త సిగ్గుపడుతూ. "బీరువాలో ఉండిపోయింది."